నిచ్చెన కథకి పేరు కావాలి

ప్రశ్న: సర్, నమస్తే. నేను ఇప్పటిదాకా రెండు కథలు రాశాను, రెండూ అచ్చు కాలేదు. ఇది మూడోది. ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకుని ఇంటి మధ్యలో గోడ కట్టుకుంటారు, మాటలు కూడా ఆగిపోతాయి. పంపకాల కాగితంలో అన్నీ రాసుకున్నారు గానీ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చెక్క నిచ్చెన సంగతి ఎవరికీ గుర్తురాలేదు, అది అన్న వైపు గోడకి ఆనించి ఉండిపోతుంది. తమ్ముడికి అవసరమైనప్పుడు రాత్రిపూట గోడ మీంచి అందుకుని, పని చూసుకుని, తెల్లారేలోపు మళ్ళీ అక్కడే పెట్టేస్తుంటాడు. అన్నకి తెలుసు, తెలీనట్టు ఉంటాడు. ఒకసారి తమ్ముడు ఎక్కుతుంటే నాలుగో మెట్టు విరుగుతుంది, కొత్త కర్ర కొట్టి పెట్టేస్తాడు, నల్లబడిన నిచ్చెనలో అదొక్కటీ తెల్లగా కనిపిస్తుంటుంది. ఎనిమిదేళ్ళు ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. మధ్యలో ఒక సీన్లో పక్కింటాయన నిచ్చెన కావాలని వస్తే రెండిళ్ళవాళ్ళూ విడివిడిగా "అది మా నిచ్చెనేనండి, తీసుకెళ్ళండి" అంటారు. చివర్లో అన్నకి మోకాళ్ళు పోయి ఎక్కలేని పరిస్థితి వస్తుంది, ఆయనే నిచ్చెనని గోడ అవతలికి దించేస్తాడు. తమ్ముడు అలవాటు కొద్దీ తెల్లారేసరికి తిరిగి పెట్టబోతే "నీ దగ్గరే ఉండనీరా" అంటాడు. అంతే కథ. మొదటి వాక్యం "ఆ ఇంటి గోడకి ఒక పాత నిచ్చెన ఆనించి ఉంటుంది".

దీనికి ముందు 'వీడని బంధం' అని పెట్టాను. మా అక్క చూసి టీవీ సీరియల్లా ఉందే అంది. తర్వాత 'గోడ' అనుకున్నా, 'నిచ్చెన' అనుకున్నా, ఏదీ కుదరట్లేదు. ఏఐని అడిగితే 20 ఇచ్చింది, 'మౌన వారధి', 'గోడకు ఆవల', 'నిశ్శబ్ద అనురాగం' ఇలాంటివి, చదవగానే బాగున్నాయి అనిపించింది, మర్నాటికి ఒక్కటీ గుర్తులేదు. అసలు టైటిల్ ముందు పెట్టుకుని కథ రాయాలా, రాశాక పెట్టాలా? అదే పేరుతో ఇంకో కథ ఉంటే తప్పా? నాలుగు నెలలుగా కథ ఫైల్లోనే ఉంది.

జవాబు: ముందు మీ అక్కగారికి నా తరఫున థాంక్స్ చెప్పండి. ఇంట్లోవాళ్ళకి కథ చూపిస్తే సాధారణంగా "బాగుంది" అని పక్కన పెట్టేస్తారు, ఆవిడ ఒక్క మాటలో అసలు జబ్బు పట్టేసుకున్నారు. 'వీడని బంధం' చెడ్డ పేరేం కాదు, కాకపోతే అది మీ కథ పేరు కాదు. అదే పేరు ఒక తల్లీకూతుళ్ళ కథకి పెట్టి చూడండి, సరిపోతుంది. స్నేహితుల కథకి పెట్టండి, దానికీ సరిపోతుంది. కుక్కపిల్ల కథకి కూడా సరిపోతుంది, ఆ మాటకొస్తే అప్పు తీర్చలేని వాడి కథకి ఇంకా బాగా సరిపోతుంది. ఎవరి తలకైనా పట్టే టోపీ కొట్లో అమ్ముకోడానికి బాగుంటుంది గానీ దాన్నిబట్టి మనిషిని గుర్తుపట్టలేం కదా.

ఏఐ ఇచ్చిన 20 మర్నాటికి గుర్తులేకపోవడానికి కూడా అదే కారణం. మౌనం, నిశ్శబ్దం, అనురాగం, బంధం, నిరీక్షణ, ఆవేదన, ఇవన్నీ ఇప్పటికే వేల కథల మీద అతికించి తీసేసిన స్టిక్కర్లు, జిగురు అయిపోయింది. పైగా దానికి మీరు కథ సారాంశం ఇచ్చుంటారు, సారాంశం ఇస్తే సారాంశానికే పేరు పెడుతుంది. మీ కథలో ఉన్న ఆ తెల్ల కర్ర ముక్క సారాంశంలో ఉండదు, ఒకవేళ ఉన్నా దాన్ని చిన్న విషయం కింద లెక్కేస్తుంది. నాకేమో మీ ఉత్తరం మొత్తంలో కళ్ళు ఆగింది అక్కడే.

అలాగని భావం చెప్పే మాట టైటిల్‌గా అసలు పనికిరాదు అనట్లేదు. గురజాడ 1910లో రాసిన కథ పేరు 'దిద్దుబాటు', అదీ ఒక భావమే, పట్టుకుని చూపించే వస్తువు కాదు. కానీ ఆ మాట ఎక్కడిదో చూడండి, పలక మీద అక్షరాలు దిద్దుకునే చోటు నుంచి వచ్చింది. దారితప్పుతున్న మొగుడిని చదువుకున్న పెళ్ళాం ఒక ఉత్తరం ముక్కతో దారిలో పెట్టే కథకి ఆ బడి మాట తెచ్చి పెట్టారు. చదివే ముందు ఎవరో పంతులు ఎవరో పిల్లాడు అనుకుంటాం, చదివాక ఎవరు ఎవర్ని దిద్దారో తెలిసి నవ్వొస్తుంది. ఆ కథకే 'మార్పు' అనో 'కనువిప్పు' అనో పెట్టుంటే ఎలా ఉండేదో ఒకసారి పైకి అనుకుని చూడండి. అర్థం దాదాపు అదే, ఆ చురుకు మాత్రం పోయింది.

సరే, మీ నిచ్చెన దగ్గరికి వద్దాం. మీరు 'గోడ', 'నిచ్చెన' రెండూ కుదరట్లేదు అని తీసిపారేశారు, ఎందుకు కుదరట్లేదో చూడలేదు. నేననుకునేది ఏంటంటే, టైటిల్ పని కథకి అర్థం చెప్పడం కాదు, పాఠకుడి కళ్ళని ఎటు తిప్పాలో అటు తిప్పడం. ఒకే కథ, ఒక్క అక్షరం మార్చకుండా, పేరు మారితే వేరేగా చదువుతారు. 'గోడ' అని పెట్టారనుకోండి, చదివేవాళ్ళు మొదటి పేరా నుంచీ గొడవ కోసం చూస్తారు, ఎవరిది తప్పు, ఎవరికి ఎక్కువ భాగం వచ్చింది, గోడ ఎప్పుడు పగలగొడతారు. మీ కథలో గోడ ఎక్కడా పగలదు. వాళ్ళు చివరిదాకా పలుగు చప్పుడు కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు, మీరేమో నెమ్మదిగా నిచ్చెన దించుతారు. 'నిచ్చెన' అని పెడితే చూపు సరైన వస్తువు మీద పడుతుంది, కాకపోతే మరీ సాదాగా, బడి పుస్తకంలో బొమ్మ కింద రాసినట్టు ఉంటుంది. తప్పు లేదు, రుచీ లేదు.

ఇప్పుడు 'నాలుగో మెట్టు' అని పెట్టి చూడండి. మొదట్లో పాఠకుడికి ఏమీ అర్థం కాదు, ఏదో మెట్లెక్కడం గురించి అనుకుని మర్చిపోతాడు, కానీ మూడో పేజీలో తమ్ముడి కాలి కింద మెట్టు విరిగినప్పుడు, అది ఎన్నోదో మీరు చెప్పినప్పుడు, అక్కడ ఆగుతాడు. మామూలుగా అయితే దాటేసే వాక్యం అది. టైటిల్ వల్ల ఆ తెల్ల కర్రకి బరువొచ్చింది, ఇంక అన్న పొద్దున్నే లేచి దాన్ని చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయే సీన్ మీరు ఏం వివరించకపోయినా పాఠకుడు తనంతట తనే చదువుకుంటాడు. ఒక నల్లటి వస్తువులో ఒక తెల్ల ముక్క, అన్న నోరు విప్పడు, తమ్ముడు సారీ చెప్పడు, కానీ ఉత్తరం రాసినట్టే ఉంది అది. అయితే దీనికో షరతుంది. ఆ మెట్టు సీన్ మీ కథలో నాలుగు లైన్లే ఉండి మళ్ళీ ఎక్కడా రాకపోతే ఈ పేరు మోసం చేసినట్టవుతుంది, లేని బరువు ఉన్నట్టు చూపించినట్టు. కనీసం ఇంకో రెండు చోట్ల అది కనపడాలి, చివర్లో తమ్ముడు నిచ్చెన పట్టుకుని నిలబడ్డప్పుడు తన చెయ్యి ఏ మెట్టు మీద ఉందో మీకు తెలిసుండాలి. అప్పటికి ఆ కర్ర కూడా నల్లబడి ఉంటుందా? ఎనిమిదేళ్ళలో ఎప్పుడు విరిగిందో నాకు తెలీదు, మీరు ఆలోచించుకోండి.

మాటల్లోంచి తీసుకునే పేరు ఇంకో రకం. 'నీ దగ్గరే ఉండనీరా' చాలా మందికి ముందుగా తట్టేది ఇదే, ఎందుకంటే గుండె పట్టేసే మాట. నేను వద్దంటాను. అది మీ చివరి దెబ్బ, దాన్ని తీసుకెళ్ళి గుమ్మానికి కట్టేస్తే లోపలికొచ్చాక కొట్టడానికి ఏముంటుంది? చివరి వాక్యమే టైటిల్ అయితే రెండోసారి వినేసరికి సగం పలచబడుతుంది, పైగా "ఓహో ఇదన్నమాట" అని పాఠకుడు టిక్కు పెట్టుకుని వెళ్ళిపోతాడు. మాట తీసుకోవాలనుకుంటే కథ మధ్యలో, ఎవరూ పట్టించుకోకుండా అనేసే మాట తీసుకోండి. అమెరికన్ రచయిత హెమింగ్వే 1927లో రాసిన ఒక కథ ఉంది, ఒక రైల్వే స్టేషన్లో ఒకతనూ ఒకమ్మాయీ కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు, అసలు సమస్య పేరు ఎవరూ ఎత్తరు, ఆపరేషన్ అంటారు తప్ప ఏం ఆపరేషనో చెప్పరు. ఆ అమ్మాయి దూరంగా ఉన్న కొండల్ని చూసి తెల్ల ఏనుగుల్లా ఉన్నాయి అంటుంది, అంతే, 'తెల్ల ఏనుగుల్లాంటి కొండలు' అనేదే కథ పేరు. మాటవరసకి అన్న మాట. తెల్ల ఏనుగు అంటే వదిలించుకోలేని బరువు అని మన పేపర్లలో కూడా వాడతారు కదా, కథ పూర్తయ్యేసరికి ఆ కొండలు కొండల్లా ఉండవు.

మీ కథలో అలాంటి మాట ఉంది, మీకు తెలియకుండానే ఉత్తరంలో రాసేశారు. పక్కింటాయన వచ్చినప్పుడు రెండిళ్ళవాళ్ళూ అనేది, "అది మా నిచ్చెనేనండి".

తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. చాలా భాషలకి ఈ సదుపాయం లేదు, ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే మాట. 'మన' అంటే వింటున్నవాడు కూడా అందులో ఉన్నాడు, 'మా' అంటే వాడు బయట. పక్కింటాయనతో అంటున్నారు కాబట్టి 'మా' అనడం గ్రామర్ ప్రకారం కరెక్టే. కానీ ఆ 'మా'లో గోడ అవతలివాళ్ళు ఉన్నారా లేరా? అన్న ఇంట్లో 'మా' అన్నప్పుడు తమ్ముణ్ణి కలిపే అన్నారా, తీసేసి అన్నారా? తమ్ముడింట్లో 'మా' అన్నప్పుడు అది కబ్జా చేసినట్టా, ఇంకా విడిపోలేదు అన్నట్టా? చూశారా, మీ గొడవంతా రెండక్షరాల దూరంలో ఉంది. 'మా నిచ్చెన' అని పైన రాస్తే మొదట ఏదో చిన్నపిల్లల వ్యాసం పేరులా అమాయకంగా కనపడుతుంది, మా ఊరు, మా బడి టైపులో. సీన్ వచ్చాక ఆ అమాయకత్వం పోతుంది. నా ఓటు దీనికే.

'మన నిచ్చెన' అని మాత్రం పెట్టొద్దు, దయచేసి. అది గోడ మీద రాసే నినాదం అయిపోతుంది, కథ ఎటు వెళ్తుందో ముందే చెప్పేస్తుంది. 'ఆ నిచ్చెన' అంటే డిటెక్టివ్ నవల, అందులో రక్తం మరకలుండాలి. 'నిచ్చెన ఎవరిది?' అంటే కోర్టు కేసు, పాఠకుడు తీర్పు కోసం కూర్చుంటాడు. 'ఒక నిచ్చెన కథ' అంటే అది కథని వేరే చెప్పాలా, మేం కథలు చదవడానికే కదా వచ్చాం. ఇంక 'నిచ్చెన...' అని మూడు చుక్కలు పెట్టేవాళ్ళుంటారు, ఆ చుక్కలకి అర్థం ఏంటంటే రచయితకి తన మాట మీద నమ్మకం లేదని, చుక్కలొచ్చి భావం నింపుతాయేమో అని ఆశ. ఆశ్చర్యార్థకం కూడా అంతే, టైటిల్ చివర అది పెడితే ఎవరో జోక్ చెప్పి వాళ్ళే ముందు నవ్వినట్టుంటుంది. ప్రశ్న గుర్తు నిజంగా ప్రశ్న అయితే సరే.

టైటిల్ కుదిరాక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది చెయ్యరు. మొదటి వాక్యం మళ్ళీ చూసుకోవాలి. పాఠకుడు చదివే మొదటి వాక్యం మీరు మొదట రాసినది కాదు, టైటిలే. మీది "ఆ ఇంటి గోడకి ఒక పాత నిచ్చెన ఆనించి ఉంటుంది" అని మొదలవుతోంది. పైన నిచ్చెన, కింద మళ్ళీ నిచ్చెన, ఒకే మాట రెండుసార్లు తలుపు కొట్టినట్టు. పేరులోనే నిచ్చెన ఉంది కాబట్టి మీరిప్పుడు దాని పేరెత్తకుండా మొదలుపెట్టొచ్చు. ఉదాహరణకి "పంపకాల కాగితంలో గిన్నెలతో సహా అన్నీ రాశారు, అదొక్కటే మర్చిపోయారు" అని మొదలెట్టండి. 'అది' ఏంటో పాఠకుడికి తెలుసు, పైన చదివాడు. ఒక్క వాక్యంలో పంపకాలు వచ్చేశాయి, చిన్న చిన్న వాటికి కూడా లెక్కలేసుకున్న వైనం వచ్చేసింది, మర్చిపోయిన వస్తువూ వచ్చేసింది. గోడ గురించి రెండో వాక్యంలో చెప్పుకోవచ్చు. నా వాక్యమే వాడమని కాదు, మీ చేతిలో ఇంకా బాగా వస్తుంది.

ముందు పెట్టాలా తర్వాతా అని అడిగారు. రూల్ ఏమీ లేదు గానీ ముందు పెట్టుకున్న పేరుతో ఒక ప్రమాదం ఉంది, నేను పడ్డాను కాబట్టి చెప్తా. చాలా ఏళ్ళ కింద నాకు 'తాళం' అనే టైటిల్ తట్టింది, అబ్బో ఎంత మురిసిపోయానో, తలుపు తాళం ఒకటి, పాటకి వేసే తాళం ఒకటి, రెండర్థాలు కదా. కథేమో తాళంచెవి పోగొట్టుకుని రాత్రంతా మెట్ల మీద కూర్చున్న ఒకావిడది. పాట ఎక్కడా లేదు. టైటిల్ వృథా అయిపోతుందని పై అంతస్తులో ఒక సంగీతం మాస్టార్ని దించాను, ఆయన అర్ధరాత్రి పిల్లలకి పాఠం చెప్తుంటాడు! అర్ధరాత్రి ఎవరు పంపిస్తారండీ పిల్లల్ని. నా ఫ్రెండ్ ఒకడు చదివి "ఆ మాస్టారెందుకు" అన్నాడు, నేను అరగంట వాదించాను. చివరికి మాస్టారు పోయాడు, తాళమూ పోయింది, కథ 'మూడో అంతస్తు' అనే పేరుతో బయటికొచ్చింది, ఇప్పటికీ ఆ తాళం గుర్తొస్తే కొంచెం బాధే. అప్పట్నుంచీ ఫైల్‌కి "కథ 7", "మెట్లావిడ" ఇలాంటి పిచ్చి పేర్లు పెట్టుకుంటా, పూర్తయ్యేదాకా అసలు పేరు జోలికి పోను. హెమింగ్వే కూడా 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో ఇదే అన్నాడు, కథో పుస్తకమో పూర్తయ్యాక టైటిళ్ళ లిస్టు రాస్తాడట, ఒక్కోసారి 100 దాకా, తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతాడట, కొన్నిసార్లు అన్నీ కొట్టుడుపోతాయట. ఆయన సంగతే అదైతే మనం మూడు పేర్లు రాసి నాలుగోది రావట్లేదని నాలుగు నెలలు కూర్చోవడం ఏం న్యాయం చెప్పండి.

మీరు 100 రాయక్కర్లేదు, ఒక 30 రాయండి. కూర్చుని ఆలోచిస్తే రావు, కథ ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో వెతికితే వస్తాయి. చేత్తో పట్టుకోగలిగే ప్రతి వస్తువు కింద గీత పెట్టండి, అంకెలు, టైములు, ఎవరైనా వింతగా అన్న మాట, ఒకే మాట రెండుచోట్ల వచ్చిందా, ఎవరైనా ఒకదాన్ని తప్పు పేరుతో పిలుస్తున్నారా. మీ కథలో 'తెల్లారేలోపు' అనేది ఎన్నిసార్లు వస్తోందో చూడండి, ఉత్తరంలోనే రెండుసార్లు ఆ టైము తెచ్చారు, ఒకసారి తెల్లారేలోపు, ఒకసారి తెల్లారేసరికి. 'తెల్లారేలోపు' కూడా మంచి పేరే, దొంగతనం కథ అనుకుని మొదలెడతారు, నిజానికి అది దొంగతనమే కదా ఒక రకంగా, తీసిందీ తిరిగి పెట్టిందీ రెండూ దొంగతనంగానే. 30లో 20 చెత్త ఉంటాయి, ఉండనీండి, 'వీడని బంధం' కూడా ఆ లిస్టులో రాయండి, దాని పక్కన మిగతావి ఎలా కనపడతాయో తెలుస్తుంది. రెండు రోజులు పక్కన పెట్టి, లిస్టు చూడకుండా ఏవి గుర్తున్నాయో రాసుకోండి. ఆ మూడు నాలుగిట్లోనే ఉంటుంది.

తర్వాత ఫోన్లో ఎవరికైనా చెప్పి చూడండి. "కథ రాశావంట కదా, పేరేంటి" అంటే మీరు చెప్పగానే అవతలివాళ్ళు "ఏంటీ?" అని మళ్ళీ అడిగినా, మీరు "అంటే ఏంటంటే" అని వివరించడం మొదలెట్టినా, ముఖ్యంగా చెప్పడానికి మీకే సిగ్గేసినా ఆ పేరు వద్దు. సంస్కృత సమాసాలు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి.

ఇంగ్లీషు మాట పెట్టొచ్చా అని మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతుంటారు కాబట్టి ఒక్క ముక్క. కథలో మనుషులు ఆ మాట వాడితే పెట్టండి, 'బ్యాలెన్స్', 'సిగ్నల్' లాంటివి ఎప్పుడో తెలుగైపోయాయి. స్టైల్ కోసం అయితే వద్దు.

ముగింపు టైటిల్లో తెలిసిపోతుందేమో అనే భయం మంచి భయమే. అయితే దాచడం అంటే అబద్ధం చెప్పడం కాదు. షర్లీ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి 1948లో రాసిన కథ పేరు 'లాటరీ'. ఊళ్ళో లాటరీ తీస్తారు, కథలో జరిగేది నిజంగా అదే, పేరులో ఒక్క పిసరు అబద్ధం లేదు. కాకపోతే లాటరీ అనగానే మన బుర్రలోకి బహుమతి వస్తుంది చూశారా, ఆ రావడాన్నే ఆవిడ వాడుకుంది. చివర చెప్పను, చదవనివాళ్ళుంటే చదవండి, రాత్రిపూట వద్దు. మీ 'మా నిచ్చెన'లో కూడా అబద్ధం లేదు, అది వాళ్ళదే. ఎవరిదో చెప్పలేదు, అంతే.

అదే పేరుతో ఇంకో కథ ఉంటే తప్పా అంటే, చట్టం ప్రకారం కాదు. టైటిల్ ఒక్కదానికీ కాపీరైట్ రక్షణ ఉండదని మన సుప్రీంకోర్టు 2015లో ఒక సినిమా పేరు కేసులో చెప్పింది. 'నిచ్చెన' అని మీరొక్కరే పెట్టుకోవాలని ఎవరూ అనలేరు, మీరు పెట్టాక ఇంకొకరిని పెట్టొద్దని మీరూ అనలేరు. అయితే మర్యాద వేరు, తెలివి వేరు. అందరికీ తెలిసిన కథ పేరు తీసుకుంటే పాఠకుడు మీ కథ చదువుతూ ఆ కథనే తలుచుకుంటాడు, అది మీకే నష్టం. జోసెఫ్ హెల్లర్ నవల 'క్యాచ్-22' ఉంది కదా, అది ముందు 'క్యాచ్-18', మొదటి భాగం 1955లో అదే పేరుతో అచ్చు కూడా అయింది. 1961లో నవల వచ్చే టైముకి ఇంకో పేరున్న రచయిత పుస్తకం టైటిల్లో కూడా 18 వస్తోందని అంకె మార్చేశారు. అప్పుడు ఆయనకి ఎంత చిరాకేసి ఉంటుందో గానీ ఇవాళ 22 కాకుండా ఇంకో అంకె ఊహించుకోలేం. కాబట్టి ఒకసారి నెట్లో వెతకండి, పెద్ద కథేమీ తగలకపోతే ముందుకెళ్ళండి, ఎప్పుడో ఎవరో మామూలుగా వాడి ఉంటే కంగారు పడకండి.

ఇంకో విషయానికి కూడా సిద్ధంగా ఉండండి, ఎడిటర్లు పేరు మార్చేస్తారు. ఒక్కోసారి మంచికే. నా కథ ఒకటి 'రెండో టికెట్' అని పంపితే, ఒకావిడ రెండు టికెట్లు కొని ఒకతని కోసం ఎదురుచూస్తుంటుంది, అతనొస్తాడా రాడా అన్నదే కథ, పత్రికలో 'అతను రాలేదు' అని వచ్చింది. మా ఇంట్లోవాళ్ళు టైటిల్ చదివి "రాలేదంటగా" అని పేజీ తిప్పేశారు. పత్రిక పేరు చెప్పను, పాతబడిన సంగతి. అప్పట్నుంచీ కథతో పాటు ఒక లైను రాస్తాను, పేరు మార్చాలనిపిస్తే ముందు ఒక మాట చెప్పండి అని. చాలామంది చెప్తారు. మీరూ రాయండి, ఇంకా ఒక్క కథా అచ్చు కాలేదు కదా, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, పంపేది మీ కథ.

నేను మీ కథ మొత్తం చదవలేదు, ఉత్తరంలో ఉన్నది మాత్రమే చూశాను. 'మా నిచ్చెన' అంటున్నా, మెట్టు సీన్ పెద్దదైతే 'నాలుగో మెట్టు', రాత్రి తీసుకెళ్ళే సీన్లు ఎక్కువుంటే 'తెల్లారేలోపు'. ఏది పెట్టినా ఈ నెలాఖరుకి పంపేయండి, ఇంకో నాలుగు నెలలు వద్దు.

మర్చిపోయా, మీ ఉత్తరంలో "ఎనిమిదేళ్ళు ఎవరూ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు" అని ఒక వాక్యం ఉంది. అది కథలో ఉందా, లేక నాకు సంగతి చెప్పడానికి అప్పటికప్పుడు రాశారా? కథలో లేకపోతే పెట్టండి, పక్కింటాయన నిచ్చెన తిరిగి తెచ్చి, ఏ ఇంట్లో ఇవ్వాలో తెలీక గోడ మొదట్లో నిలబడే చోట.